నేను సిబిల్ రిపోర్టును

నేను పుట్టింది అప్పులిచ్చేవాళ్ల కోసం. నన్ను తయారుచేసే సంస్థ సిబిల్ 2000లో ఏర్పడింది. క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. నన్ను నేరుగా తెప్పించుకునే అధికారం ఎవరికుందో ఆ చట్టమూ, దాని కింద 2006లో వచ్చిన నిబంధనలూ చెబుతాయి: బ్యాంకులు, బీమా కంపెనీలు, ఫోన్ కంపెనీల వంటివి. ఉద్యోగం ఇస్తున్నామన్న ఒక్క కారణంతో ఏ సంస్థా నన్ను తెప్పించుకోలేదు.

అందుకే హైదరాబాద్ శివారు నార్సింగిలోని కంపెనీల దారి వేరు. "మీ సిబిల్ మీరే తీసి పంపండి" అంటారు. రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2017 నుంచి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం. ఎవరి లెక్క వాళ్లు చూసుకోవడానికి ఇచ్చిన హక్కు అది. ఇప్పుడు దానితోనే అభ్యర్థులు నన్ను తెచ్చి కంపెనీ చేతిలో పెడుతున్నారు. ఇవ్వనంటే ఆఫర్ పోతుందేమోనన్న భయంతో ఇచ్చేదాన్ని సమ్మతి అనడానికి నాకు మనసొప్పదు.

నల్గొండ నుంచి వచ్చి ఇక్కడి హాస్టల్లో ఉంటూ ఆఫర్ అందుకున్న ఒక అమ్మాయి నన్ను జిరాక్స్ షాపులో ప్రింటు తీయించింది. "అక్కా, కలరా, బ్లాక్ అండ్ వైటా?" అన్నాడు కుర్రాడు. ఆమె జవాబు చెప్పలేదు, నా మూడో పేజీ చూస్తోంది. అక్కడ నెలకో గడి. వేళకు కట్టిన నెలల్లో 000. ఒక్కచోట మాత్రం వరసగా 030, 060, 090. వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉన్న నెలలవి. ఎన్ని రోజులు ఆలస్యమైందో రాయడానికి నాలో చోటుంది, ఎందుకైందో రాయడానికి లేదు. ఆ బాకీ ఆమె వడ్డీతో సహా తీర్చేసింది, రసీదు కూడా ఉంది. అప్పిచ్చిన సంస్థ ఆ మాట నాలోకి ఎక్కించలేదు.

ఆమె ఫిర్యాదు పెట్టింది. 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇదీ నియమం. జాయినింగ్ తేదీ ఆ గడువుకంటే ముందే ఉంది. ఉద్యోగం చేజారితే రోజుకు వంద రూపాయలు ఏ మూలకు?

ఎస్‌బీఐ 2021లో సిబిల్ చరిత్ర చూసి ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. ప్రజల సొమ్ము చూసే కొలువు, పైగా షరతు నోటిఫికేషన్‌లోనే ఉంది. అది నేను ఒప్పుకుంటాను. కానీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి కూడా నన్నెందుకు అడుగుతున్నారో చెప్పేవాళ్లు లేరు. అమెరికాలోనూ యజమానులు నాలాంటివాటిని చూస్తారు. అయితే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, నన్ను బట్టి కాదనే ముందు నా కాపీ అభ్యర్థి చేతికివ్వాలి. తప్పుంటే చూపించుకునే వ్యవధి దొరుకుతుంది. ఇక్కడి చట్టంలోనూ ఆ ఒక్క మెట్టు ఉండాలని నా కోరిక.

ఆ అమ్మాయి మాత్రం ఆగలేదు. హెచ్ఆర్‌కు ఫోన్ చేసింది. "మేడం, బాకీ మొత్తం కట్టేశాను. రిపోర్టులో ఇంకా ఎక్కలేదు. రసీదు మెయిల్ చేశాను, దయచేసి రెండూ కలిపి చూడండి."

"సరేనమ్మా, రెండూ కలిపే పైకి పంపుతాను" అంది అవతలి గొంతు.