నా కడుపులో ఒక బంతి

నేనొక మౌస్‌ని. కింద ఎర్రదీపం వెలిగే రకం కాదు, అంతకు ముందు రకం. నా కడుపులో బంతి ఉంటుంది. లోపల ఉక్కు, పైన రబ్బరు. గోల్ఫ్ బంతి వెడల్పు 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నియమం. నా బంతి అందులో ఇంచుమించు సగం. అది బల్ల మీద దొర్లితే, దాన్ని ఆనుకుని ఉన్న రెండు రోలర్లు తిరుగుతాయి. ఒకటి అటూ ఇటూ కదలికకి, ఇంకొకటి ముందుకీ వెనక్కీ. వాటి చివర గళ్ళ చక్రాలు. ఆ గళ్ళలోంచి వెళ్ళే వెలుతురు ఎన్నిసార్లు తెగిందో లెక్కపెట్టి కంప్యూటరుకి చెప్పడమే నా పని. నాకు కళ్ళు లేవు. తెర మీద ఏం జరుగుతోందో నాకు కనబడదు. నా వీపు మీద ఆనిన అరచేతిని బట్టి, చుట్టూ వినబడే మాటల్ని బట్టి గ్రహించిందే నా జ్ఞానమంతా. ఇప్పుడు చెప్పబోయేదీ అలా తెలిసిందే.

2001లో పలాస పక్కన కాశీబుగ్గలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిలో చేరాను. కింద ఎరువుల కొట్టు, మేడ మీద మేము. టాలీ, డీటీపీ నేర్పేవారు. రైల్వే కాలనీ పిల్లలు, జీడి వ్యాపారుల దగ్గర లెక్కలు రాసే గుమస్తాలు వచ్చేవారు. జీడిపప్పు ఊరు కాబట్టి, పప్పు మీంచి ఒలిచిన ఎర్రపొట్టు పొడిపొడిగా వాళ్ళ చొక్కాల మీద వచ్చి నా లోపలికి చేరేది. బాణం గుర్తు కదలడం మానేసి ఒకచోటే వణుకుతుంటే మేస్టారు నన్ను వెల్లకిలా తిప్పి, అడుగునున్న రింగుని బొటనవేలితో తిప్పి, బంతిని అరచేతిలోకి రాల్చుకునేవారు. రోలర్ల చుట్టూ నల్లగా పట్టీ కట్టి ఉండేది. గోటితో గీరితే ఊడివచ్చేది. అందులో నూలుపోగులు, పొట్టు, వాటితోపాటు సన్నటి ఇసక.

"ఊరి నడిమధ్యన మేడ మీద ఇసకేటి?" అనేవారు మేస్టారు.

ఆ ఇసక ఎవరి చేతికి అంటుకుని వస్తోందో నాకు తెలుసు. వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర ఊరు అతనిది. ఇంటర్ అయిపోయింది. పొద్దుట జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి, మధ్యాహ్నం టాలీ నేర్చుకోడానికి వచ్చేవాడు. మేస్టారు 'చిన్నోడా' అని పిలిచేవారు, నేనూ అలాగే అంటాను. జీడిపిక్క పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం కాలుతుంది. పనివాళ్ళు చేతులకి బూడిద రాసుకుంటారు, అయినా వేళ్ళు నల్లబడకుండా ఉండవు. చిన్నోడి చూపుడువేలి చివర చర్మం ఊడి, కొత్తది వచ్చి, అదీ గట్టిపడింది. ఎన్నో చేతులు నన్ను పట్టుకున్నాయి గానీ, అంత గరుకు వేలు అంత మెల్లగా నొక్కడం ఇంకెవరి దగ్గరా చూడలేదు.

సాయంత్రం క్లాసులయ్యాక మేస్టారు ఒక సీడీ పెట్టేవారు. ఆట పేరు లింక్స్, కంప్యూటర్లో ఆడే గోల్ఫ్. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీకి చెందిన యాక్సెస్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 1990లో ఆ వరుస మొదలుపెట్టింది. 1999లో ఆ సంస్థని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. మా సెంటర్‌కి వచ్చింది లింక్స్ 2001. గోల్ఫ్ అంటే మేస్టారికి తెలిసింది విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు గోడ అవతల చూసిన పచ్చగడ్డి. చిన్నోడికి అదీ తెలియదు.

చెట్ల మధ్య, చెరువుల పక్కన ఉండే మైదానాలు మేస్టారికి త్వరగానే పట్టుబడ్డాయి. స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ మాత్రం లొంగలేదు. ఆ ఊళ్ళో గోల్ఫ్ ఎప్పుడు పుట్టిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు గానీ, విలువిద్య మానేసి జనం దీని వెంట పడుతున్నారని స్కాట్లాండు రాజు రెండో జేమ్స్ 1457లో ఈ ఆటని నిషేధించాడు. అక్కడ ఒకప్పుడు 22 హోల్స్, అంటే బంతిని చేర్చాల్సిన గుంటలు, ఆడేవారు. 1764లో వాటిని 18కి తగ్గించారు. ఈవేళ ప్రపంచమంతటా గోల్ఫ్ రౌండంటే 18 హోల్స్ కావడానికి అదే కారణం. సముద్రానికీ ఊరికీ మధ్య ఇసక నేల. చెట్లు లేవు. గట్టి నేల మీద పొట్టి గడ్డి, పసుపు పూల ముళ్ళపొదలు, బంకర్లనే ఇసక గోతులు 112. ఊరి దగ్గర బయల్దేరి ఈడెన్ నది మొగ వైపు వెళ్ళి, మళ్ళీ ఊళ్ళోకి రావాలి. వెళ్ళేటప్పుడు వెనకనుంచి తోసిన గాలే వచ్చేటప్పుడు ముఖం మీద కొడుతుంది.

ఆ మైదానం ఎందుకంత కష్టమో చెప్పాలంటే ముందు నా ఎడమ బటన్ సంగతి చెప్పాలి. ఆ ఆటలో ఒక దెబ్బంటే మూడు నొక్కులు. మొదటి నొక్కుకి కర్ర వెనక్కి లేస్తుంది. రెండో నొక్కు ఎంత బలంగా కొట్టాలో తేలుస్తుంది. మూడోది కర్ర బంతికి తగిలే క్షణం. ఆ మూడోది రవ్వంత ముందు పడినా, వెనక పడినా బంతి పక్కకి తిరిగిపోతుంది. ఇంకొంచెం దూరం కావాలని రెండో నొక్కుని ఆలస్యం చేస్తే బలం నిండుగా వస్తుంది గానీ మూడో నొక్కు దొరకదు. పార్క్ లాంటి మైదానాల్లో బంతి పక్కకి పోయినా గడ్డిలో పడి ఆగుతుంది. ఓల్డ్ కోర్స్‌లో నేల గట్టి, బంతి ఆగదు, దొర్లుతూనే ఉంటుంది. ఏటవాలుకి దొర్లి దొర్లి ఎక్కడో కనబడని బంకర్లోకి దిగిపోతుంది.

మేస్టారు బలంతో కొట్టేవారు. నా బటన్ లోపలి స్ప్రింగు కదిలిపోయేది. బంతిని ఎత్తుగా లేపితే గాలి దాన్ని ఊరి బయటికి పట్టుకుపోయేది. "దిక్కుమాలిన గాలి!" అని నన్ను బల్ల మీద చరిచేవారు.

ఒక సాయంత్రం చిన్నోడు వెనక నిలబడి చూసి, "మేస్టారూ, బంతిని గాలికి ఒప్పజెప్పీకూడదండి. నేలబారుగా పంపించీయండి" అన్నాడు.

"ఎలా పంపమంటావురా?"

"చిన్న కర్ర తీయండి. సగమే కొట్టండి. దొర్లుకుంటూ అదే పోతాది."

మేస్టారు లేచి కుర్చీ ఇచ్చారు. అలా మొదటిసారి ఆ వేలు ఆట కోసం నా మీదికి వచ్చింది. నొక్కు, నొక్కు, నొక్కు. మూడింటి మధ్యా ఒకే ఎడం. వెనక మేస్టారు, ఇద్దరు గుమస్తాలు ఒక్కసారే "అబ్బ!" అన్నారు. బంతి జెండా పక్కన ఆగిందన్నమాట.

ఇది అతనికి ఎవరూ నేర్పలేదు. వాళ్ళ తాత తెరచాప పడవ మీద వేటకెళ్ళిన మనిషి. తెల్లవారుజామున మహేంద్రగిరి వైపునుంచి వచ్చే కొండగాలికి పడవ సముద్రంలోకి వెళ్తుందనీ, పొద్దెక్కాక సముద్రపు గాలికి ఒడ్డుకి వస్తుందనీ ఆయన చెప్పింది విని పెరిగాడు. తెర మూలన గాలి ఎటో, ఎంతో చూపించే బాణం గుర్తుంటుంది. మేస్టారు దాన్ని కొట్టబోయే ముందు ఒక్కసారి చూసేవారు. చిన్నోడు కర్ర ఎంచుకోడానికి ముందే చూసేవాడు. చూశాక నన్ను కదపకుండా కాసేపు ఉంచేసేవాడు. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. చెయ్యి నా మీదే ఉంటుంది, బరువు మాత్రం ఉండదు. సముద్రం పక్కన ఆడే ఆటకి కావలసింది కండబలం కాదు, ఆ ఆగడమే. నేను కచ్చితంగా చెప్పగలిగేది అదొక్కటే.

పదిహేడో హోల్ దగ్గర మాత్రం చిన్నోడు కూడా చాలాకాలం తంటాలు పడ్డాడు. రోడ్ హోల్ అంటారు దాన్ని. 450 గజాల పైమాట, నాలుగు దెబ్బల్లో పూర్తిచెయ్యాలి. మొదటి దెబ్బే పాత రైల్వే షెడ్ల ఆకారంలో కట్టిన గోడ మీదుగా కొట్టాలి. అవతల ఏముందో కనబడదు. జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి మడి, అంటే గ్రీన్, సన్నగా, అడ్డంగా ఉంటుంది. దానికి ముందు నిలువు గోడల బంకర్, వెనక రోడ్డు. ముందు పడితే ఇసక, దాటితే తారు. 1978లో ఈ మైదానంలోనే జరిగిన ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీలో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు దెబ్బల్లో గ్రీన్ మీదికి చేరాడు. అక్కణ్ణించి మెల్లగా కొట్టిన బంతి వాలుకి దొర్లి ఆ బంకర్లో పడింది. బయటపడడానికి నాలుగు దెబ్బలు పట్టాయి, ఆ ఒక్క హోల్‌కి తొమ్మిది రాసుకున్నాడు. 2000 సంవత్సరంలో అక్కడే జరిగిన ఓపెన్‌లో టైగర్ వుడ్స్ నాలుగు రోజులూ ఆడి, ఉన్న 112 బంకర్లలో ఒక్కదాంట్లోనూ పడకుండా ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచాడు. పేపర్లో పడిన ఆ సంగతి మేస్టారు ఎంత ఇష్టంగా చెప్పేవారో!

ఆ బంకర్ గోడ పచ్చిగడ్డి పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది. దాని కింద బంతి పడితే ముందుకి కొట్టి లాభం లేదు, గోడకి తగిలి కాళ్ళ దగ్గరికే వస్తుంది. నన్ను పక్కకి జరిపి, జెండాకి అడ్డంగానో, వెనక్కో గురిపెట్టాలి. వెనక్కి కొట్టడం మేస్టారికి చేతయ్యేది కాదు. చిన్నోడికీ మొదట్లో మనసొప్పలేదు. ఒప్పుకున్నాక ఆ హోల్‌ని అయిదుతో ముగించడం అలవాటు చేసుకున్నాడు. నాలుగు కోసం పోయి తొమ్మిది తెచ్చుకోవడం కన్నా అదే నయమనేవాడు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. వేసవిలో సాయంత్రాలు పోయేది. యూపీఎస్ కీచుమని అరిచేది, పద్నాలుగో హోల్లో ఉన్న ఆట అక్కడితో సరి. మళ్ళీ మొదటి హోల్ నుంచే.

లింక్స్ 2001తోపాటు గోల్ఫ్ ఆటగాడు ఆర్నాల్డ్ పామర్ పేరుతో ఒక డిజైనర్ ప్రోగ్రాం వచ్చింది. ఎవరి మైదానం వాళ్ళే గీసుకోవచ్చు. నేల ఎత్తుపల్లాలు, చెట్లు, నీళ్ళు, ఇసక, అన్నీ. చిన్నోడు దాన్ని తెరిచిన రోజునుంచీ నాకు ఊపిరాడలేదు. క్లిక్కులు తగ్గి లాగుళ్ళు పెరిగాయి. గీత వెనక గీత, దిబ్బ వెనక దిబ్బ. అతను గీస్తున్నది వాళ్ళ ఊరి తీరమని మేస్టారికి చాలా రోజులకి గాని అర్థం కాలేదు.

"ఓల్డ్ కోర్స్‌లాటి నేలే మేస్టారూ మాదీ," అన్నాడు. "ఇసకే. సముద్రానికీ వరిచేలకీ మధ్యన."

నిజమే కదా. ఆ సెయింట్ ఆండ్రూస్ నేల కూడా పంటకి పనికిరాదని వదిలేసిందే. గొర్రెలు, కుందేళ్ళు మేసి గడ్డిని పొట్టిగా ఉంచితే జనం ఆడుకున్నారు. ఇప్పటికీ అది ఊరి ఉమ్మడి ఆస్తి; మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఊరివాళ్ళు దాని మీద షికారు తిరుగుతారు. చిన్నోడి ఊరున్న తీరప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్దానం వాళ్ళు తమ ఇసకని వదిలెయ్యలేదు, వదిలేస్తే గడవదు. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి గోవాకి తెచ్చిన జీడి ఈ దిబ్బల మీద వేళ్ళూనుకుంది. మధ్యన కొబ్బరి, పనస, మునగ, అరటి. గట్ల మీద మొగలి, అంచుల్లో సరుగుడు. ఆ నేలని అంత తోటగా చేసినవాళ్ళ మనవడు దాన్ని ఒక ఆటలో పెడుతున్నాడంటే నాకు గర్వంగా ఉండేది.

డిజైనర్లో కొబ్బరిని పోలిన చెట్టుంది. జీడికి సరైనది లేదు; పొట్టిగా, గొడుగులా పరుచుకున్న ఏదో చెట్టుని తీసుకుని దానితోనే సరిపెట్టాడు. బీలని, అంటే ఊరి పక్క చిత్తడి నేలని, నీళ్ళుగా పెట్టాడు. నాలుగో హోల్ వాళ్ళ తాత తోట: కొబ్బరిచెట్లు అక్కడ ఎలా ఉన్నాయో అలాగే, ఏ వరసలో ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ ఖాళీ వదిలి నాటాడు. ఒక్కో చెట్టుకీ నన్ను తీసుకెళ్ళి ఆపి, కొంచెం జరిపి, అప్పుడు నొక్కేవాడు. దిబ్బ కింద నిలువు గోడల బంకర్ తవ్వాడు. అదొక్కటే స్కాట్లాండుది.

తర్వాతి కాలం తొందరగా గడిచిపోయింది. మైక్రోసాఫ్ట్ 1999లోనే బంతి లేని, దీపం వెలిగే మౌస్ తెచ్చింది. కొన్నేళ్ళకి అవి కాశీబుగ్గకీ వచ్చాయి. సెంటర్ మూతపడేటప్పుడు మేస్టారు ఆ కంప్యూటర్నీ నన్నూ చిన్నోడికి ఇచ్చేశారు. అతను అప్పటికి ఒక జీడి వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తున్నాడు. పెళ్ళయింది. మేము అటక మీద గోనెసంచిలో ఉండిపోయాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు, మధ్యమధ్య ఉరుము ఉరిమినట్టు వచ్చే విసురు 165. అటక మీద నాకు వినబడిందల్లా పెంకుల చప్పుడు, తర్వాత చెట్లు విరిగే చప్పుడు. అది ఎంతసేపటికీ ఆగలేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలకి తోటలే నేలకొరిగాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. కరెంటు చాలా రోజులు లేదు. తాత తోటలో నిలబడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని కింద మాట్లాడుకుంటుంటే విన్నాను.

ఆ మరుసటి ఏడు, కొత్త మొక్కలు నాటాక, అతను మమ్మల్ని కిందికి దించాడు. కంప్యూటర్ లేస్తుందని నేను అనుకోలేదు, లేచింది. నన్ను వెల్లకిలా తిప్పి, రింగు తీసి, బంతి తుడిచి, రోలర్లని గోటితో గీరాడు. పక్కన ఇంకో చెయ్యి, చిన్నది. కూతురు.

"నాన్నా, ఇది తాత తోట కదా. ఇన్ని చెట్లున్నాయేటి?"

"ఇన్నే ఉండేవమ్మా."

"మరి పడిపోయినవి తీసీవా?"

"తియ్యను. ఏ చెట్టు ఎక్కడుండేదో చూసుకోడానికైనా ఉండాల."

ఆ పిల్ల కాసేపు ఊరుకుంది. "అయితే మనం ఏసిన మొక్కలు కూడా పెట్టు" అంది. డిజైనర్లో చిన్న కొబ్బరిమొక్క లేదు. పొదల్లోంచి ఒకదాన్ని వెతికి, ఈసారి ఆమె చేతి మీద తన చెయ్యి వేసి, నన్ను తోట మూలకి నడిపించాడు. అయిదారు పొదలు నాటారు. "ఇంక ఆడతాను" అంది పిల్ల.

నాలుగో హోల్, గాలి సముద్రం నుంచి. మూడు నొక్కుల్లో మూడోది ఆలస్యమైంది. బంతి కొబ్బరి వరసకి తగిలి దొర్లి, దిబ్బ కింద బంకర్లో పడింది.

"అడ్డంగా కొట్టమ్మా, జెండా వైపు కొడితే గోడకి తగులుతాది."

"తగల్దు."

"ముందు గాలెటుందో చూడు."

"చూసినాను నాన్నా, నువ్వు చెయ్యి తియ్యి."

అతని చెయ్యి నా మీంచి లేచింది. పిల్ల నన్ను జెండా వైపే తిప్పి నొక్కింది. గోడకి తగిలింది. మళ్ళీ నొక్కింది.