రెండు మార్కుల నాగార్జునుడు

మన కాలేజీల్లో ఫిలాసఫీ చెప్పడమంటే పోయినవాళ్లకు హాజరు వేయడం. ఎవరూ లేచి ఎదురు మాట్లాడరు కాబట్టి తరగతి ప్రశాంతంగా సాగుతుంది. థేలీస్ దగ్గర మొదలెట్టి, ప్లేటో మీదుగా కాంట్‌ను చేరేసరికి సెమిస్టరు అయిపోతుంది. ఇక ఆలోచించడానికి తీరికేదీ?

ఫిజిక్స్ పిల్లలు 1687లో న్యూటన్ రాసిన పుస్తకం కళ్లతో చూడకుండానే ఆయన సూత్రాలతో లెక్కలు చేసేస్తారు. ఇక్కడ మాత్రం ‘మరి నువ్వేమంటావు?’ అన్నది సిలబస్‌లో లేని ప్రశ్న.

ఈ జబ్బును జగ్గయ్యపేటలో చూడాలి. ఊరి పక్క ధనంబోడు మీది స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనాలు బయటపడ్డాయి. మాంధాత చక్రవర్తి శిల్పం మద్రాసు మ్యూజియానికి వెళ్లిపోయింది. మరో శాసనంలో నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభుడనీ, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధ ప్రతిమ నిలబెట్టించాడనీ ఉంది. ఇంకేం, పండగే! ఈ నాగార్జునుడు శూన్యవాదం చెప్పిన ఆ నాగార్జునుడేనా? లిపి చూస్తే శతాబ్దాల తర్వాతిదాయె! ఇంత చర్చలో ఆయన ఏమన్నాడని అడిగే నాథుడు లేడు.

అన్నది చిన్నదేం కాదు. ప్రమాణాలను బట్టి వస్తువులు తేలతాయంటారే, ఆ ప్రమాణాలు దేన్ని బట్టి తేలతాయని ‘విగ్రహవ్యావర్తని’లో నిలదీశాడు. నందిగామలో పత్తి విత్తనాలు కొనే రైతుకు ఇది వింతగా తోచదు. విత్తనం మంచిదనడానికి లేబులు సాక్ష్యం. లేబులు అసలుదనడానికి దుకాణదారు సాక్ష్యం. అతని మాటకు సాక్ష్యమేమిటని అడిగితే, ‘మీ నాన్న కూడా మా దగ్గరే కొనేవాడు గదా’ అంటాడు. మన ప్రొఫెసర్లు చెప్పేదీ ఇంచుమించు ఇదే.

పాతవాళ్లను చదవకపోతే పాత తప్పులే కొత్తగా చేస్తామని వాళ్ల సమాధానం. నిజమే, కాదన్నదెవరు? పూర్వపక్షం చెప్పకుండా మన శాస్త్రకారులెవరూ నోరు విప్పలేదు. శంకరుడు బౌద్ధుల వాదం వివరంగా చెప్పింది దాన్ని పడగొట్టడానికి. మనం పూర్వపక్షం నోట్సు రాసుకుని, సిద్ధాంతం రాకముందే బెల్లు కొట్టేస్తున్నాం. రాధాకృష్ణన్ భారతీయ తత్త్వశాస్త్రం మీద రెండు సంపుటాలు రాశాడు, దాస్‌గుప్తా ఆ చరిత్రనే ఐదు సంపుటాలు చేశాడు. వాటిని చదివే ఓపిక లేనివాళ్ల కోసం గైడు వచ్చింది. గైడుకు కూడా ఓపిక లేనివాళ్ల కోసం బిట్లు వచ్చాయి. అందులో నాగార్జునుడంటే శూన్యవాదం, మాధ్యమికం, రెండో శతాబ్దం: రెండు మార్కులు. ఎదుటివాడి ప్రతి వాదాన్నీ విప్పి చూపించి, నాకంటూ ప్రతిజ్ఞే లేదు పొమ్మన్న మనిషిని జతపరచుము కింద పడేశాం.

‘నాగార్జునుడి వాదం తప్పని నిరూపించండి, చేతకాకపోతే ఎందుకు చేతకాలేదో రాయండి’ అని ఒక్క ఏడాది ప్రశ్నపత్రంలో ఇచ్చి చూడండి. పిల్లలు ఎలాగో తంటాలు పడతారు. గొడవ పెట్టేది దిద్దేవాళ్లే: దీనికి కీ ఏదీ, ఆ కీ సరైనదని సంతకం పెట్టేదెవరు అని.