పసుపు అమ్మినంక చూద్దాం అనకండి

ఏర్గట్లలో పిల్లకు ఎత్తు పండ్లు వస్తున్నాయంటే చాలు, సలహాలకు కొదవ ఉండదు. అమ్మమ్మ ఒకటి చెప్తుంది. బీడీలు చుట్టే దగ్గర పక్కింటామె ఇంకొకటి చెప్తుంది. దుబాయ్ నుంచి ఫోన్లో నాన్న మరొకటి చెప్తాడు. అందరూ ప్రేమతోనే చెప్తారు. అయినా వాటిలో ఈ ఐదు మాత్రం పిల్లల నోటికీ ఇంటి లెక్కకూ చేటు చేసేవి.

1. "పాల పండ్లే కదా, ఊడిపోతయి."
ఆ 20 పాల పండ్లే వెనక వచ్చేవాటికి జాగా కాపాడతాయి. పుచ్చి ముందే పోతే పక్క పన్ను అటు ఒరుగుతుంది, కొత్తది వంకరగా మొలుస్తుంది. ఆరేళ్లప్పుడు చివర వచ్చే దవడ పన్నును కూడా పాల పన్నే అనుకుంటాం. అది పోతే మళ్లీ రాదు. ఏడేళ్లు వచ్చేసరికి ఒకసారి పండ్ల వరుస చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెప్తుంది. చూపించగానే క్లిప్పులు వేయరు. చాలామంది పిల్లలకు కొన్నేళ్లు ఆగమనే అంటారు.

2. "పన్ను మీద పన్ను అదృష్టం."
ఆ సందులోకి బ్రష్షు పోదు, అక్కడే పుచ్చు మొదలవుతుంది. ముందుకు పొడుచుకొచ్చిన పండ్లయితే సైకిల్ మీద నుంచి పడితే ముందు అవే విరుగుతాయి.

3. "ఆడపిల్లకు పెళ్లి ముందు వేయిద్దాం, మగపిల్లగానికి ఎందుకు?"
తవ్విన పసుపును రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. దవడకూ అలాంటి అదునే ఉంది. పండ్లను పెద్దయ్యాక కూడా జరపవచ్చు. దవడ ఎదుగుదలను దారిలో పెట్టాలంటే మాత్రం ఎదిగే వయసులోనే కుదురుతుంది. తర్వాత కొందరికి ఆపరేషన్ దాకా పోతుంది. మామూలుగా క్లిప్పులకు 10 నుంచి 14 ఏళ్ల మధ్య మంచి కాలం, ఆడపిల్లకైనా మగపిల్లవానికైనా. పసుపు బోర్డు కోసం మనం ఏండ్లకేండ్లు ఆగాం. దానికోసమే 2019 ఎన్నికల్లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు నామినేషన్ వేసి నిలబడ్డారు, 2025 జనవరిలో బోర్డు వచ్చింది. పిల్లల దవడ అంతకాలం ఆగదు.

4. "పసుపు అమ్మినంక ఒక్కసారే కట్టి పడేద్దాం."
ఎక్కువ నష్టం ఇక్కడే. పంట కోసం వైద్యాన్ని ఆపడం ఒక తప్పు, మొత్తం ముందే కట్టడం రెండో తప్పు. ఈ పని ఏడాదిన్నర, రెండేళ్లు సాగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి పోవాలి. పని ఎట్లా సాగితే పైసలూ అట్లాగే కట్టుకోవచ్చు. మొదట కొంత, ప్రతిసారీ కొంత, నిజామాబాద్ యార్డులో కొమ్ములు అమ్మిన నెలలో పెద్ద వాయిదా. మొత్తం ముందే కడితే తగ్గింపు ఇస్తామంటే ఆశపడకండి. పిల్ల మధ్యలో హాస్టల్‌కు పోతే కట్టింది తిరిగి రావడం కష్టం. దీనికోసం పుస్తెలు తాకట్టు పెట్టకండి. తెల్ల క్లిప్పులు కనబడకుండా ఉండడానికే, పండ్లను జరిపే పని ఇనుప రంగు క్లిప్పులూ చేస్తాయి. ఎక్స్‌రే, పన్ను పీకడం, ఊడిన క్లిప్పు మళ్లీ అతికించడం, క్లిప్పులు తీశాక పండ్లను నిలిపే రిటైనర్, ఇవన్నీ చెప్పిన ధరలో ఉన్నాయా అని కాగితం మీద రాయించుకోండి. బస్సు చార్జీ, పోయే రోజు కూలీ కూడా లెక్కేయండి. రెండేళ్లలో సుమారు ఇరవై ప్రయాణాలు. డాక్టరు ఎండీఎస్ ఆర్థోడాంటిక్స్ చదివారా అని అడగడానికి మొహమాటపడకండి. దంత వైద్య కళాశాలల్లో ఖర్చు సాధారణంగా తక్కువ. నిజామాబాద్ దగ్గర మల్లారంలో మేఘన కళాశాల ఉంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ప్రైవేటులో ఒప్పుకునే ముందు అక్కడా ఒకసారి అడిగి రండి.

5. "క్లిప్పులు తీసిండ్రు, ఇక అయిపోయింది."
జరిపిన పన్ను పాత జాగాకు పోవాలనే చూస్తుంది. రిటైనర్ పెట్టుకోకపోతే రెండేళ్ల ఖర్చు, రెండేళ్ల ఓపిక రెండూ పోతాయి.

వైద్యం ఎప్పుడో పిల్ల వయసును బట్టి తేల్చుకోండి, పైసలు ఎప్పుడో పంటను బట్టి కట్టండి. ఈ రెండూ తారుమారు చేయకండి. మీ ఇంట్లో ఏడేళ్లు నిండిన పిల్ల ఉంటే, వచ్చే సెలవుల్లోనే ఒకసారి చూపించి రండి.