మీది ఏ మండలం?

ఆస్టినాబాద్‌లో ఉండే మా బావమరిది మొన్న ఫోన్ చేశాడు. శ్రీకాకుళం నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబం. మనవైపు ఏదో ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతున్నాడట.

"బావా, జిల్లా కాడ దక్షిణ అండమాన్ అని కొట్టాను. మండలం కొట్టకపోతే ముందుకెల్లనీడం లేదు. మాకు మండలాల్లేవు కదా, ఏటి రాయమంటావు?"

నిజమే. అక్కడ జిల్లా కింద తహసీళ్లు: పోర్ట్‌బ్లెయిర్, ఫెరార్‌గంజ్, లిటిల్ అండమాన్. తహసీలు ఉంది కాబట్టి తహసీల్దారూ ఉన్నాడు. మన సంగతి వేరు. 1985లో ఎన్టీ రామారావు తాలూకాలు ఎత్తేసి మండలాలు పెట్టారు, ఎమ్మార్వో పుట్టాడు. కొన్నాళ్లకు ఆయన బోర్డు మీద మళ్లీ తహసీల్దారు అని రాశారు. తహసీలు లేని తహసీల్దారు, ఏనుగు లేని మావటి. జనం మాత్రం ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసుకే పోతారు.

"పక్కింట్లో అడిగి చూడు" అన్నాను. అడిగాడు. "మండలా? నేనే" అన్నాడట పక్కింటి బెంగాలీ పెద్దాయన. ఆయన ఇంటిపేరు మండల్! దీవుల్లో అందరికంటే ఎక్కువమంది బెంగాలీలే. మండలాలు లేకపోయినా మండల్‌లకు కరువుండదు.

అసలు మండలమంటే గుండ్రం. సూర్యుడికీ ఉంది, చంద్రుడికీ ఉంది. అయ్యప్ప దీక్షలో అదే మాటకు నలభై ఒక్క రోజులు. ఒక్క సర్టిఫికెట్ కోసం మండలం ఆఫీసు చుట్టూ మండలం పాటు తిరిగినవాడికి ఈ అర్థాలన్నీ నిఘంటువు చూడకుండానే తెలుసు.

కర్ణాటకలో తాలూకా, ఉత్తరాన తహసీలు, బీహార్‌లో అంచల్ అంటారని ఆ దరఖాస్తు తయారుచేసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ నగరం పేరు శ్రీ విజయపురం అయింది. అది అతని దాకా చేరడానికి ఇంకెన్ని మండలాలో! విశాఖలో ఓడెక్కి బంగాళాఖాతం దాటినవాడు ఈ చిన్న గడి దాటలేకపోతున్నాడు.

రాత్రి మళ్లీ ఫోన్. "అయిపోనాది బావా!" జిల్లా శ్రీకాకుళం అని మార్చి, తాతగారి కవిటి మండలం నొక్కాడట. ఊరు, వీధి మాత్రం ఉన్నవే రాశాడు. దరఖాస్తు మారుమాట లేకుండా తీసుకుంది.

ఆ రికార్డు ప్రకారం ఆస్టినాబాద్ ఇప్పుడు కవిటి మండలంలో ఉంది.