దూలగొండిని ముట్టకుండా గుర్తించడం

దూలగొండి చిక్కుడు కుటుంబంలో పుట్టిన అడవి తీగ. తెలుగునాట దీని పేరు వినని మనిషి అరుదు, దీని పువ్వు చూసిన మనిషి ఇంకా అరుదు. పరిచయం ఎప్పుడూ ఒంటితోనే మొదలవుతుంది, ఆ సమయంలో కళ్లకు తీరిక ఉండదు. శాస్త్రీయ నామం మ్యుకునా ప్రూరియెన్స్‌లో రెండో మాటకు అర్థమే దురద పెట్టేదని. సంస్కృతం దీన్ని కపికచ్ఛువు అని కోతికి అంటగట్టింది. ఇంగ్లిషువాళ్లు హిందీ కేవాంచ్‌ను నోరు తిరగక కౌహేజ్ చేసి, అది చాలదన్నట్టు కౌఇచ్ చేసి, ఏ పాపమూ ఎరుగని ఆవును ఇరికించారు. తెలుగు మాత్రం పశువుల జోలికి పోకుండా దూలను దూల అనే చెప్పింది. దీనికే ఆత్మగుప్త అనే మరో సంస్కృత నామం ఉంది, తన్ను తాను కాచుకునేదని. కంచె, కుక్క, బోర్డు ఏవీ లేకుండా కాయను కాపాడుకునే తీగకు అంతకంటే తగిన పేరు దొరకదు.

గుర్తుపట్టడం ఆకుతో మొదలుపెట్టాలి. విడిదింట్లో పెళ్లివారి పరుపుల మీద దూలగొండి ఆకు చల్లారని చెప్పుకునే కథల్లో ఆకు నిర్దోషి. దురద ప్రధానంగా కాయ మీది నూగుది. కాయ చేసిన పనికి ఆకు మాట పడుతోంది. ముట్టుకుంటేనే ఆకు మండే తీగ వేరే ఉంది. పల్లెల్లో దురదగుంటాకు అనే ఆ తీగ ఆముదం కుటుంబానిది. దాని ఆకు ఒంటిది, అంచున రంపపు పళ్లుంటాయి. దూలగొండికి ఒక్కో కాడకు మూడేసి పత్రకాలు. నడిమిది రెండు వైపులా సమంగా ఉంటుంది. పక్కవి రెండూ వంకర, బయటి సగం వెడల్పు, లోపలి సగం ఇరుకు. భోజనాల బంతిలో నడుమ కూర్చున్న పెద్దమనిషికి చోటిచ్చి చెరోవైపు ఒరిగినట్టుంటాయి. ఆకు తిరగేస్తే అడుగున వెండిరంగు మెత్తని నూగు. అది పట్టులా ఉంటుందే తప్ప దురద పెట్టదు. అయినా, తిరగేసే ముందు పైన కాయ వేలాడడం లేదని చూసుకోవడం మంచిది.

చిక్కు ఏమిటంటే పెరటి చిక్కుడుకూ మూడు పత్రకాలే, అదే వంకర. మిగతా చుట్టాలను ఏరివేయడం తేలిక. శంఖపుష్పానికి ఐదో ఏడో పత్రకాలు, గురివిందకు పదికి పైగా జతలు. బఠాణీ, దాని దగ్గరి బంధువులైన అడవి వెచ్‌లు ఆకు కొసన నులితీగ చాచి ఊతం పట్టుకుని ఎక్కుతాయి. దూలగొండికి నులితీగే లేదు. కాండాన్నే చెట్టుకు చుట్టబెట్టి, అడక్కుండానే పైకి పోతుంది.

తీర్పు పువ్వే చెప్పాలి. చిక్కుడు గెల నిటారుగా నిలబడుతుంది, దూలగొండి గెల తలకిందులుగా వేలాడుతుంది. జానెడు పొడవుంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రంగు అచ్చం వంకాయది. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ధ్వజం, బాహువులు, ద్రోణి అనే మాటలు పరీక్ష హాలుతో సహా గుర్తుకొస్తాయి. మామూలు చిక్కుడు పువ్వులో ధ్వజం, అంటే పై రేక, విప్పుకుని గొప్పగా నిలబడుతుంది. ఇక్కడ అది పొట్టిది, ద్రోణిలో సగం. రెండు రేకలు కలిసిన ద్రోణి మాత్రం అన్నిటినీ దాటి ముందుకు సాగి, కొసన గట్టి ముక్కులా పైకి వంగుతుంది. ఎండిన పువ్వు నల్లబడుతుంది. ఇంత చూశాక ఇంకా సందేహమున్నా వేలు పెట్టకూడదు, పువ్వు కింది గిన్నె మీద కూడా అక్కడక్కడా దురద నూగు ఉంటుంది.

ఈ దశ దాటాక గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు. వేలెడు పొడవు కాయలు రెండు చివరలా చెరోవైపు వంపు తిరిగి, రాగిరంగు మఖమల్ తొడిగినట్టు గుత్తులుగా వేలాడతాయి. అంత ముద్దొచ్చే వస్తువును నిమరకుండా ఉండడం కష్టం. దూల తీరడం అనే మాటకు అక్కడే అసలర్థం తెలుస్తుంది. కాయ ఎండితే ముట్టక్కర్లేదు కూడా, గాలికి రాలిన నూగు చెట్టు కింద నిలబడ్డవాణ్ణీ వదలదు. నూగులోని మ్యుకునైన్ అనే ఎంజైము చర్మంలోని నరాలను నేరుగా రెచ్చగొడుతుందని 2008లో తేలింది. ఈ దురద హిస్టమిన్ దారిన రాదు కాబట్టి మామూలు అలర్జీ మాత్ర దీని ముందు చేతులెత్తేస్తుంది. రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. పల్లెల్లో పేడ పూసి, ఆరాక ఊడదీస్తారు. పట్నంలో ఆ పని అంటుకునే టేపు చేస్తుంది. చర్మానికి అతికించి లాగితే నూగు దానితో వచ్చేస్తుంది, టేపు చుట్ట ఒకటి అయిపోవచ్చు.