మత్సుమొతో నల్లకోట ఆత్మకథ

జపాను నడిబొడ్డున, నగానో మండలమున, పడమట మంచుకొండలు బారులుతీరిన మైదానమునందు నాలుగు శతాబ్దములకు పైబడి నిలిచియున్న నల్లని దుర్గమును నేను. 16వ శతాబ్దాంతమున ఇషికావా కజుమస, ఆయన కుమారుడు యసునగ నన్ను కట్టించిరి. వెలుపల నిలిచి లెక్కించువారికి నా అంతస్తులు ఐదే. చెప్పులు విడిచి లోనికివచ్చి, 61 డిగ్రీల వరకు వాలుగల చెక్కమెట్లను చేతులూని ఎక్కినవారికే ఆరవది కలదని తెలియును. తుపాకులకై నా గోడలకు రంధ్రములు తొలిచిరి గాని, నెమ్మది కాలము వచ్చిన పిమ్మట మత్సుదైర నవోమస అను ప్రభువు వెన్నెల చూచుటకు మూడువైపుల తెరపియైన మందిరమొకటి నా ప్రక్కన చేర్చెను. దాని ఎర్రని కటకటాలే నా సొగసు.

ప్రభువుల పాలన అంతరించగా, 1872లో నన్ను పాతకలప క్రింద వేలము వేసిరి. నా ధర 235 ర్యోలు! దూలములు ఊడదీసి అమ్ముకొనుటకే కొన్నారని విని ఊరెల్ల ఊరకుండగా, ఇచికావా ర్యోజో అను పురవాసి నా అంతస్తులలోనే వస్తుప్రదర్శనములు జరిపించి, ఆ రాబడితో నన్ను విడిపించెను.

ప్రాణము దక్కినది గాని పోషించువారు లేరైరి. మెత్తని నేలపై నా బరువు మోయుటకై రాతిపీఠము లోపల నిలిపిన 16 స్తంభములు ఏండ్ల తరబడి పుచ్చిపోగా, చూపరులు భయపడునట్లు నేను ఒక ప్రక్కకు ఒరిగితిని. 1686లో పన్నుల భారమునకు ఎదురు నిలిచి ప్రాణమిచ్చిన రైతునాయకుడు తద కసుకె చూపు తగిలి ఒరిగితినని జనులనుకొనిరి. ఆయన అడిగినది న్యాయమే గనుక ఆ నింద నాకు నొప్పి కాదు. కన్నులెదుట కలప కుళ్లుచున్నను ఎవ్వరును ఇటు తొంగిచూడకపోవుటయే నా నొప్పి. తుదకు కొబయాషి ఉనారి అను పాఠశాలాధ్యక్షుడు పూనుకొని, 1903 మొదలు 1913 వరకు నన్ను బాగుచేయించెను.

ఒక్కదినపు కాలినడకకు వచ్చు ఓ పాంథులారా! కందకము గట్టున నిలిచి నా ఛాయాచిత్రము తీసుకొని మరలిపోకుడు. 1888 నాటి అగ్నిప్రమాదమునకు పిమ్మట నిప్పునకు వెరవని మట్టిగోడలతో లేచిన నకమచి వీథి కొట్లను చూడుడు. గెంచి బావి ఊటనీరు త్రాగుడు. మెతోబా ఏటిగట్టు వెంబడి నడచి, ఉత్తరముననున్న కైచి పాఠశాలకు తప్పక పొండు. 1876లో కట్టిన ఆ బడి వ్యయమున నూటికి ఇంచుమించు 70 పాళ్లు పురజనులే చందాలెత్తి ఇచ్చిరి.