తీసివేతలు

నాన్నకి బేస్‌బాల్ నేర్పింది నేనే.

2023 ఏప్రిల్ చివర్లో ఆయన తెనాలి నుంచి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్న మా ఇంటికి వచ్చారు. అమ్మ పోయి అప్పటికి ఏడాది. ఆర్నెల్లు ఉండటానికి అనుమతి దొరికింది. తిరుగు టికెట్ అక్టోబరు 20కి తీశాను. మా ఆవిడకి అప్పుడు మూడో నెల దాటింది. కాన్పయ్యి, మనవణ్ణో మనవరాలినో ఎత్తుకుని వెళతానని బయల్దేరేముందు వీధిలో అందరికీ చెప్పి వచ్చారట.

నాన్న ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. మేమిద్దరం ఆఫీసుల నుంచి వచ్చేసరికి కూర వండి, అన్నం వార్చి, టీవీ ముందు కూర్చునేవారు. సాయంత్రాలు ఇక్కడి జట్టు రేంజర్స్ ఆట వచ్చేది. వారం తిరక్కుండానే ఆయనకి ఆట పట్టుబడింది. బేస్‌బాల్‌లో సగం లెక్కలే మరి.

మా ఆఫీసులో పదిమందిమి ఆడే ఫాంటసీ లీగ్ ఒకటుంది. నిజం ఆటగాళ్ళని ముందే పంచుకుంటాం. మైదానంలో వాళ్ళు కొట్టిన హోమ్ రన్లు, దొంగిలించిన బేసులు, పిచ్చర్లు తీసిన స్ట్రైకౌట్లు మా ఖాతాల్లో పడతాయి. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన మిత్రులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. అప్పట్లో లెక్కలన్నీ కాగితం మీదే. నాన్న కూడా కాగితం మీదే వేశారు. రెండువందల పేజీల నోటుబుక్కు కొనిపించుకుని, ఎడమ పేజీ మీద ‘కూడికలు’ అని, కుడి పేజీ మీద ‘తీసివేతలు’ అని రాసుకున్నారు. జట్టులోకి ఎవరిని తెచ్చినా, ఎవరిని వదిలేసినా తేదీ, పేరు, కారణం. మూడు గళ్ళు, గుండ్రటి అక్షరాలు.

ఆ పుస్తకమే నన్ను గెలిపిస్తూ వచ్చింది. ఆ ఏడాదే బేసు పలకల్ని 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకి పెంచారు. బేసు మీదున్న రన్నర్ వైపు పిచ్చర్ ఊరికే బంతి విసిరి ఆపకుండా హద్దు పెట్టారు. “అయితే కాళ్ళున్నవాళ్ళని తెచ్చుకోరా. దొంగతనాలు పెరుగుతాయి,” అని మే నెలలోనే చెప్పారు నాన్న. మేజర్ లీగంతా కలిపి అంతకుముందు ఏడాది 2,486 ఉన్నవి ఆ ఏడాది 3,503 అయ్యాయి.

ఆగస్టులో ఆయన మోకాళ్ళు వాచాయి. మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లు దిగడం మానేశారు. తర్వాత పొయ్యి దగ్గర నిలబడటం కూడా మానేశారు. పుస్తకం మాత్రం మానలేదు.

సెప్టెంబరు వచ్చేసరికి ఆయనకి కొత్త పాఠం చెప్పాల్సి వచ్చింది. ఫాంటసీలో ఏప్రిల్ వేరు, సెప్టెంబరు వేరు. ఏప్రిల్లో 162 ఆటలు ముందుంటాయి. మంచి ఆటగాడు నెల రోజులు తడబడినా ఓపిక పట్టొచ్చు. సెప్టెంబరులో మిగిలేది మూడు నాలుగు వారాలే. ఒకటో తారీఖున ఒక్కో జట్టులో ఆటగాళ్ళ సంఖ్య 26 నుంచి 28కి పెరుగుతుంది, కింది లీగుల నుంచి కుర్రాళ్ళు వస్తారు. ఆశ వదులుకున్న జట్లు కుర్ర పిచ్చర్ల చేతులు అరిగిపోకుండా కూర్చోబెడతాయి. ప్లేఆఫ్స్ ఖాయమైన జట్లు పెద్ద ఆటగాళ్ళకి విశ్రాంతి ఇస్తాయి. కాబట్టి పేరు చూడకూడదు. ఇంతకుముందు ఏం చేశాడన్నది చూడకూడదు. ఇక మిగిలిన ఆటల్లో మనకేం చేయగలడన్నది ఒక్కటే చూడాలి.

“ఒక్కటేనా?” అన్నారు నాన్న.

“ఒక్కటే నాన్నా.”

సెప్టెంబరు 1న జాసన్ డొమింగెజ్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు యాంకీస్‌కి మొదటిసారి ఆడాడు. హ్యూస్టన్‌లో, జస్టిన్ వెర్లాండర్ అంతటివాడి పిచింగ్‌లో, మొదటి అవకాశంలోనే హోమ్ రన్ కొట్టాడు. నాన్న ఆ రాత్రే నాచేత వాణ్ణి జట్టులో చేర్పించారు. ఎనిమిది ఆటల్లో నాలుగు హోమ్ రన్లు. 10వ తారీఖున కబురొచ్చింది, మోచేతి లిగమెంటు చిరిగింది, ఆపరేషన్ చేయాలని.

నేను ఫోను తీశాను.

“తీసేస్తున్నావా? వాడేం తప్పు చేశాడ్రా?”

“తప్పేం లేదు నాన్నా. చోటు లేదు. దెబ్బ తగిలినవాళ్ళకి రెండే స్థానాలు, రెండూ నిండిపోయాయి.”

“వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకునే పద్ధతి ఉండదా?”

“కొన్నిచోట్ల ఉంటుంది. కీపర్ లీగ్ అంటారు. మాది అది కాదు.”

వాడి స్థానంలో ఎవాన్ కార్టర్‌ని తెచ్చాను. రేంజర్స్ రెండు రోజుల కిందటే పిలిపించిన ఇరవయ్యొక్కేళ్ళవాడు. నాన్న రెండు పేజీల్లోనూ రాసుకున్నారు.

మర్నాడు పొద్దున నేను కాఫీ ఇస్తుంటే చెప్పారు, రాత్రంతా ఫోన్లో చదివినట్టున్నారు. “ఆ ఆపరేషన్‌కి టామీ జాన్ అని ఒక పిచ్చర్ పేరు పెట్టారట్రా. 1974లో మొదట ఆయనకే చేశారు. మరుసటి ఏడాదంతా ఆడలేదు. ఆ పై ఏడు తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. మొత్తం 288 గెలిస్తే అందులో 164 ఆపరేషన్ తర్వాత గెలిచినవే. సగానికి పైగా.”

“ఆయన కోసం జట్టు ఆగింది నాన్నా. నాకున్నది మూడు వారాలు.”

16న షోహెయ్ ఒహ్తానీ వంతు. 44 హోమ్ రన్లు కొట్టినవాడు. మోచెయ్యి దెబ్బతిన్నా బ్యాటింగ్ ఆపలేదు. తర్వాత పక్క కండరం పట్టేసింది. ఇవాళో రేపో వస్తాడని చూశాను. ఆ రోజు వాడి జట్టు ఏంజెల్స్ ఇక ఈ ఏడాది ఆడడని తేల్చేశారు. ఆర్నెల్లు నా జట్టుని మోసినవాణ్ణి ఒక్క వేలితో తీసేసి, వారంలో రెండు ఆటలు పడే ఒక మామూలు పిచ్చర్‌ని తెచ్చుకున్నాను. మా లీగ్ సెమీఫైనల్ గెలవడానికి అదే చేయాలి, అదే చేశాను. ఈసారి నాన్న ఏమీ అడగలేదు. కారణం గడి నింపుకున్నారు.

కాన్పు దగ్గర పడింది. చేతికింద తిరగగల మనిషి కావాలి. మా అత్తగారూ మామగారూ వస్తామన్నారు. మాకున్నవి రెండే పడకగదులు, ఒకటి మాది, ఒకటి నాన్నది. మా ఆవిడ, “మామయ్యగారు హాల్లో పడుకుంటే ఏమవుతుంది, పురుడయ్యేదాకా ఉండనీ,” అంది. నేనే వద్దన్నాను. ఆ మోకాళ్ళతో సోఫా మీద ఆయనకి కష్టమన్నాను. 18 రాత్రి ఆయన పడుకున్నాక బాల్కనీలోకి వెళ్ళి, ఏజెంటుతో మాట్లాడి, టికెట్ 24కి మార్పించాను.

ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు నాన్చి, 20 రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. నాన్న మజ్జిగన్నం కలుపుకుంటూ విన్నారు.

“అలాగే నాయనా. వియ్యంకులవాళ్ళకి గది శుభ్రంగా ఉండాలి కదా,” అన్నారు. ఆ వెంటనే, “ఫైనల్ ఎప్పుడు?” అని అడిగారు.

“25న మొదలు.”

“అయ్యో, ఒక్క రోజు తేడా. సరేలే, లెక్కలన్నీ పుస్తకంలో వేసి పెడతాను.”

ఆయన అంత తేలిగ్గా తీసుకున్నందుకు నా గుండెల మీంచి బరువు దిగింది.

24న ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ కోసం నిలబడినప్పుడు, “కార్టర్‌ని తియ్యకు. కళ్ళు మంచివి వాడికి, చెడ్డ బంతికి చెయ్యెత్తడు,” అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఆయన మాట నిజమైంది. కార్టర్ ఆ సీజన్లో 23 ఆటల్లో .306 సగటుతో ఆడాడు. నవంబరు 1న రేంజర్స్ తమ మొదటి వరల్డ్ సిరీస్ గెలిచారు. నేను తీసేసిన ఒహ్తానీ మరుసటి ఏడాది 54 హోమ్ రన్లు కొట్టి, 59 బేసులు దొంగిలించాడు. డొమింగెజ్ కూడా తిరిగొచ్చాడు.

నాన్న వెళ్ళిన మర్నాడు, 25 సాయంత్రం, ఫైనల్‌కి ఎవరిని తేవాలో చూసుకుందామని, నాన్న గదిలో బల్ల మీదున్న పుస్తకం తెరిచాను. పిచ్చర్ల లెక్కలు పేజీన్నర వేసి పెట్టారు. వెనక్కి తిప్పితే సెప్టెంబరు నెల వచ్చింది.

ఎడమ పేజీ, కూడికలు. ‘10 – కార్టర్ – వేగం.’ దాని కింద ఆ మామూలు పిచ్చర్. దాని కింద, ‘18 – వియ్యంకులవారు – పురుడు.’

కుడి పేజీ, తీసివేతలు. ‘10 – డొమింగెజ్ – మోచెయ్యి.’ ‘16 – ఒహ్తానీ – పక్క కండరం.’

‘18 – నేను – మోకాళ్ళు.’

ఆ సంగతి నేను ఆయనకి చెప్పింది 20న.